కదలని కుండ

నాగాయలంక,
8 జనవరి 1960.

నాన్నకి,

తండ్రికి రాసే ఉత్తరంలో ‘గారు’ అనీ ‘మీరు’ అనీ రాయాలని టీచరు ట్రైనింగులో నేర్పారు. అలా రెండు కాగితాలు మొదలుపెట్టి చించేశాను. మునసబుగారికి అర్జీ పెట్టుకుంటున్నట్టు ఉంది. అందుకని ఇంట్లో పిలిచినట్టే ‘నువ్వు’ అని రాస్తున్నాను. చదివి వినిపించే రాహేలు అత్తయ్య నవ్వుకుంటే నవ్వుకోనీ.

నేను కులాసాగా ఉన్నాను. బడి తాటాకు పాక. గాలి ఎక్కువైతే సుద్దముక్కతో రాసింది కనపడదు గానీ చల్లగా ఉంటుంది. మూడో తరగతిలో ముప్ఫై ఒక్క మంది.

పోయిన వారం ఊళ్ళోకి సినిమా వ్యాను వచ్చింది. తెల్లగుడ్డ కట్టి పది నిమిషాల సినిమా వేశారు. అందులో మనుషులు లేరు నాన్నా, గీసిన బొమ్మలే కదిలాయి! గింజ నేలలో పడింది, ఉబ్బింది, వేరు కిందికి దిగింది, మొలక పైకి లేచింది. మర్నాడు అచ్చమ్మ అని మా తరగతి పిల్ల వచ్చి, “టీచరుగారండీ, ఆ గింజని మళ్ళీ ఒకసారి మొలిపించండీ” అంది. వ్యాను మళ్ళీ వచ్చేది వచ్చే ఏడాదట.

ఆ సినిమా చూసినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. ఇక్కడి పిల్లలు గుంటల్లో మెలికలు తిరిగే దోమపురుగుల్ని చేపపిల్లలనుకుంటున్నారు! కొబ్బరి చిప్పలతో పట్టుకొచ్చి ఇళ్ళల్లో నీళ్ళతొట్లలో వేసి పెంచుతున్నారు. అచ్చమ్మ వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. అది చేపపిల్ల కాదే, దోమ అవుతుందే అంటే, “దోమకి రెక్కలుంటాయి కదండీ, దీనికి తోకుంది” అని నాకే పాఠం చెప్పింది. ఊళ్ళో ఇంటికొక బోదకాలు ఉంది. నాయనమ్మ తన కాలుని రెండు చేతులతో ఎత్తి గడప దాటించుకునేది, గుర్తుందా? అది దోమ వల్లేనని మనకి ఎవరూ చెప్పలేదు.

బందరు ట్రైనింగులో ఆనందరావు మాస్టారు ఒక పనిముట్టు చూపించారు. అట్టతో గుండ్రటి డబ్బా, చుట్టూ పన్నెండు సన్నని చీలికలు, లోపల పన్నెండు బొమ్మల పట్టీ. మేకు మీద నిలబెట్టి తిప్పి, చీలికల్లోంచి చూస్తే బొమ్మ కదులుతుంది. కరెంటు అక్కర్లేదు. డబ్బా నేను చేసుకున్నాను. బొమ్మలు నువ్వు చెక్కాలి. కుండలో నీళ్ళు, నీళ్ళలో పురుగు. చీరల అద్దకానికి చెక్కినట్టే రెండంగుళాల కర్ర అచ్చులు పన్నెండు. నేను గీసిన కాగితాలు దీనితో పంపుతున్నాను. అచ్చులుంటే దివిసీమలో ఎన్ని బళ్ళకైనా అద్ది ఇవ్వచ్చు.

ఇది ఆట కాదు నాన్నా. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగారు డబ్బా చూసి, “ఇది తిరునాళ్ళ బొమ్మ. పాఠం టైము పాడు చెయ్యకు” అన్నారు. నేను బతిమాలితే, ఫిబ్రవరి 21న గుడివాడలో జరిగే టీచర్ల సమావేశంలో చూపించమన్నారు. అక్కడ బాగుందంటే ఉంచుకోవచ్చు. లేకపోతే తీసి అటక మీద పెట్టాలి.

నేను బడికి వెళ్ళేటప్పుడు నువ్వు ఒక్కసారి కూడా తలెత్తి చూసేవాడివి కాదు. నీకు నా చదువు ఇష్టం లేదేమోనని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు నా చదువుకి నీ ఉలి కావాల్సి వచ్చింది. చూశావా!

నీ కూతురు,
నాగమల్లేశ్వరి.


పెడన,
16 జనవరి 1960.

మల్లికి నాన్న మార్కండేయులు చెప్పి రాయించేది.

ఉత్తరం అందింది. రాహేలమ్మ రెండుసార్లు చదివింది. ‘నువ్వు’ అని రాసినందుకు నవ్వలేదు, ఆవిడకి అది ముచ్చటగానే ఉందట.

మామిడిపిందెలు, నెమళ్ళు, లతలు చెక్కిన చెయ్యి ఇది. నా కూతురు టీచరమ్మ అయ్యి నాచేత దోమపురుగు చెక్కిస్తుందని ఎవరన్నా అనుకున్నారా? దోమల చీర ఎవరు కడతారే? (చీర కాదు, కాగితం మీద అని నేను మూడుసార్లు చెప్పాను మల్లీ. కాగితానికి అచ్చెందుకు అంటాడు. — రాహేలు)

సరే, చెక్కుతాను. మిల్లుబట్ట వచ్చాక అద్దకం వాళ్ళు కొత్త అచ్చులు అడగటం మానేశారు. దీపావళి తర్వాత ఉలి పట్టలేదు. బాగా ఆరిన టేకుముక్క ఒకటి దాచి ఉంచాను. దేనికి దాచానో నాకే తెలీదు.

ఒక్కటి చెప్పు. అచ్చు ఒకటి ఉంటే వెయ్యిసార్లు అద్దుకోవచ్చు. పన్నెండు ఎందుకు?

వేళకి తిను. అక్కడి నీళ్ళు ఉప్పగా ఉంటాయంటారు, మజ్జిగ తాగు.

నాన్న.


నాగాయలంక,
25 జనవరి 1960.

నాన్నా,

నువ్వు చెక్కుతానన్నావని చదవగానే పిల్లలకి చెప్పేశాను. “మీ నాన్న దోమలు చేస్తాడాండీ?” అని అచ్చమ్మ అడిగింది. చేస్తాడు, కుట్టనివి చేస్తాడు అన్నాను.

పన్నెండూ కావాలి నాన్నా. ఒక్కటి తగ్గినా లాభం లేదు. ఎన్ని బళ్ళు అడుగుతున్నాయనుకున్నావు! అవనిగడ్డ వైపు నుంచి కూడా ఒక టీచరు వచ్చి చూసి వెళ్ళింది.

నా గీతలు చక్కగా లేవని నాకు తెలుసు. కుండ ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. నీ ఉలి పడితే అన్నీ సరి అవుతాయని నా నమ్మకం. పన్నెండూ తప్పు లేకుండా రావాలి. పెట్టె ఇక్కడికి పంపకు, బస్సులు మారటంలో ఎక్కడన్నా ఆగిపోతుంది. గంగరాజు మావయ్య రోజూ పెడన నుంచి గుడివాడ రైల్లో వెళ్తాడు కదా, 21న ఆయన చేతికిచ్చి పంపు. నేను స్టేషన్లో ఉంటాను.

ఇక్కడ ఏటినీళ్ళు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటాయి. ఎందుకని పిల్లలు అడుగుతారు. చంద్రుడి వల్ల అని చెప్తే నమ్మరు. దోమ తర్వాత చంద్రుడి పట్టీ, ఆ తర్వాత గింజ పట్టీ, ఆ తర్వాత మనిషి గుండె కొట్టుకునే పట్టీ చెయ్యాలని ఉంది. ముందు ఇది గట్టెక్కాలి.

నీ మల్లి.


పెడన,
19 ఫిబ్రవరి 1960.

మల్లికి,

పని అయింది. పెట్టె ఎల్లుండి గంగరాజు తెస్తాడు. ఈ ఉత్తరం నాగాయలంకకే వేయిస్తున్నాను, నువ్వు తిరిగి వెళ్ళాక చూసుకుంటావు.

నీ బొమ్మలు చూసి నవ్వొచ్చింది తల్లీ. పన్నెండు గీశావు గానీ ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఒకదాంట్లో పురుగు తోక ఎడమకి, ఇంకోదాంట్లో కుడికి, ఒకదాంట్లో పైన, ఒకదాంట్లో అడుగున. చదువుకునే చేతికి బొమ్మ మీద గురి ఎక్కడుంటుంది? తప్పు నీది కాదు. మూడోది ఒక్కటే కుదురుగా ఉంది. దాన్ని పట్టుకుని మిగిలిన పదకొండూ దిద్దాను. దారంతో కొలిచాను. మా నాన్న అనేవాడు, అచ్చు మీద అచ్చు పడితే ఒక్కటే కనపడాలి అని. నువ్వు ఏది తీసి దేని మీద అద్దినా వెంట్రుకవాసి తేడా రాదు. బడికొకటి పంచుకోండి.

ఇరవై రోజులు పట్టింది. చాలాకాలానికి అన్నం రుచిగా ఉంది.

నాన్న.


గుడివాడ,
21 ఫిబ్రవరి 1960, మధ్యాహ్నం.

నాన్నా,

ఏం చేశావు నాన్నా?

గంగరాజు మావయ్య పెట్టె అందించేసరికి నాకు టైము లేదు. పై అచ్చు నుంచి వరసగా తీసి నల్లరంగులో అద్దుకుంటూ పోయాను. చెయ్యి ఆత్రంలో ఉంది, కళ్ళు చూడలేదు. పట్టీ డబ్బాలో పెట్టి తిప్పాను. అరవై మంది టీచర్లు. ఇన్‌స్పెక్టరుగారే ముందు వంగి చూశారు. డబ్బా గిర్రున తిరుగుతోంది, పురుగు మాత్రం మేకు కొట్టినట్టు నిలబడింది. “ఇది దోమ కాదమ్మా, తపస్సు చేసుకునే ముని” అన్నారాయన. అందరూ నవ్వారు. ఆడవాళ్ళు కూడా నవ్వారు.

పన్నెండూ ఒకేలా చెక్కావు. నేను పన్నెండు రకాలు గీసి పంపితే ఒక్కటి కూడా ఉంచలేదు. నా గీత మీద నీకు అంత చులకన ఎందుకు? చెక్కటం ఇష్టం లేకపోతే మొదటే చెప్పాల్సింది. డబ్బా అటక మీద పెట్టెయ్యమన్నారు. రేపు అచ్చమ్మకి ఏం చెప్పను?

మల్లేశ్వరి.


పెడన,
27 ఫిబ్రవరి 1960.

మల్లికి,

నీ ఉత్తరం విన్నాను. నా కళ్ళు పోయాయి కాబోలు. ఒకేలా చెక్కితే తప్పయ్యే పని ఒకటి ఉంటుందని నాకు తెలీదు. ఉలులు మూటకట్టి పైన పెట్టాను.

నాన్న.

(మల్లీ, నీ ఉత్తరంలో ఒక్క మాట కూడా దాచకుండా చదివాను. కొన్ని మింగెయ్యాల్సింది. నాకు ఆ తెలివి ఆ నిమిషంలో రాలేదు. మార్కండేయులు అన్నయ్య ఇరవై రోజులు అరుగు మీద నుంచి లేవలేదమ్మా. ఒక్కో అచ్చుని మూడోదాని పక్కన పెట్టి, కన్ను మూసి వేలితో తడిమి చూసేవాడు. “నా కూతురు నా ఉలిని నమ్మింది రాహేలమ్మా” అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పాడు. ఇప్పుడు అరుగు ఖాళీగా ఉంది. నువ్వు ఏదో ఒకటి త్వరగా రాయి. — రాహేలు)


నాగాయలంక,
4 మార్చి 1960.

నాన్నా,

ముందు నన్ను తిట్టు. రాహేలు అత్తయ్యా, మీరు చదవటం ఆపి, ఆయన తిట్టేదాకా ఆగండి.

తిట్టాడా? ఇక చదవండి.

నీ 19వ తేదీ ఉత్తరం నేను ఇక్కడికి వచ్చాకే చూశాను. బడికొకటి పంచుకోమన్న మాట దగ్గర ఆగిపోయాను. పన్నెండు ఎందుకని నువ్వు నన్ను అడిగావు. నేను జవాబు చెప్పలేదు. నాకు తెలిసింది అందరికీ తెలుసనుకున్నాను. పైగా నీ ఉలితో సరిచెయ్యమని నేనే రాశాను. నువ్వు నేను అడిగిందే చేశావు.

గుడివాడలో ఇంకోటి జరిగింది. ఆ పాడు ఉత్తరం పోస్టులో వేసి వెనక్కి వచ్చేసరికి ఆనందరావు మాస్టారు ఒక్కరే డబ్బా దగ్గర కూర్చుని తిప్పుతున్నారు. పెట్టె అడుగున ఊకలో నా కాగితాలు దొరికాయట. వాటిని కూడా పట్టీగా అతికించారు. “ముందు నీది చూడు” అన్నారు. చూశాను. పురుగు కదిలింది. కానీ కుండ కూడా కదిలింది నాన్నా! కల్లు తాగినవాడిలా తూలింది. నీళ్ళు ఎగిరాయి. పురుగు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. “ఇప్పుడు మీ నాన్నగారిది చూడు” అన్నారు. కుండ అంచు చెక్కుచెదరలేదు. డబ్బా తిరుగుతోందని కూడా అనిపించలేదు. “కదలాల్సింది ఒక్కటే కదిలి, మిగతాదంతా ఇలా నిలబడితేనే ఆ సినిమా బొమ్మ అవుతుంది. కదిలించే చెయ్యి ఎవరికైనా ఉంటుందమ్మా, నిలబెట్టే చెయ్యి ఈ జిల్లాలో ఎంతమందికి ఉంది?” అన్నారు. ఆయనే వెళ్ళి ఇన్‌స్పెక్టరుగారితో మాట్లాడారు. ఏప్రిల్ 9న మా బడి తనిఖీకి వస్తారట. అప్పుడు ఇంకోసారి చూస్తామన్నారు. అదే ఆఖరు.

నేను మాటల్లో చెప్తే మళ్ళీ తప్పు చెప్తాను. అందుకని ఆ పన్నెండు బొమ్మలూ మళ్ళీ గీసి, చిన్న కాగితాల కట్టగా కుట్టి పంపుతున్నాను. ఎడమచేత్తో కుట్టు దగ్గర పట్టుకుని, కుడి బొటనవేలితో కాగితాల అంచుని గబగబా వదులు. నీ కళ్ళతో నువ్వే చూడు. పక్క పక్క కాగితాలకి తేడా ఎందుకు ఉందో అప్పుడు చెప్పనక్కర్లేదు.

చీర అద్దేటప్పుడు ముందు గీత అచ్చు వేసి, దానిలో నింపే అచ్చు వేరే వేస్తారు కదా. అలా చెయ్యచ్చేమో చూడు. కుండకి ఒకటే అచ్చు, పన్నెండుసార్లు అద్దుకుంటాను. అందులో వెయ్యటానికి పురుగులు మాత్రం పన్నెండు, వేరు వేరుగా.

నీ కళ్ళు పోలేదు. నావి పోయాయి. మూట కిందికి దించు నాన్నా.

నీ మల్లి.


పెడన,
26 మార్చి 1960.

మల్లికి,

తిట్టాను. ఏం తిట్టానో రాహేలమ్మ రాయనంటోంది. (రాయను. ప్రభువు వింటాడు. — రాహేలు)

కాగితాల కట్ట అందింది. మొదట మెల్లగా వదిలితే ఏమీ లేదు. ‘మళ్ళీ తప్పులే గీసింది’ అనుకున్నాను. గబగబా వదిలితే పురుగు కిందికి దిగి పైకి వచ్చింది! కట్ట కింద పడేశాను. తర్వాత ఆ రోజంతా అదే పని. అద్దకం వాళ్ళంతా వచ్చి చూశారు. రాహేలమ్మ చేత నలభైసార్లు తిప్పించాను. (యాభై దాటింది. నా బొటనవేలు వాచింది. — రాహేలు)

అయితే నీకు కావాల్సింది కొలిచి చేసిన తప్పు. ఎంత తప్పాలో అంతే తప్పాలి. ఇది ఒకేలా చెక్కటం కంటే కష్టం. మా నాన్న బతికుంటే ఒప్పుకునేవాడు కాదు, కానీ కూర్చుని చూసేవాడు.

నీ బొమ్మల్లో నిజంగానే ఒక తప్పుంది. అయిదో దాని నుంచి ఆరో దానికి పురుగు ఒక్క గెంతు గెంతింది. అది అలా గెంతదు. మన తొట్టిలోంచి నాలుగు పురుగుల్ని చెంబులో పోసుకుని మూడు రోజులు చూశాను. తలకిందులుగా వేలాడుతుంది, తోక నీళ్ళ పైన పెట్టి గాలి పీలుస్తుంది. నీడ పడితే మెలిక తిరిగి దిగుతుంది. ఆ మధ్య మెలిక నువ్వు వదిలేశావు. నేను పెట్టాను. నాలుగో రోజు చెంబులో ఒకదానికి రెక్కలొచ్చాయి. మా అమ్మ గుర్తొచ్చింది. ఊరుకోలేక మన తొట్టి, పక్కింటి తొట్టి, రాహేలమ్మ తొట్టి ఖాళీ చేయించాను.

కుండ ఒకటి, పురుగులు పన్నెండు పంపుతున్నాను. కుండ రెండు వైపులా చిన్న చుక్కలున్నాయి, పురుగు అచ్చు చుక్కలకి చుక్కలు కలిపి పెట్టు. పెట్టెలో గుడ్డలో కట్టిన మూట ఇంకోటి ఉంది. తనిఖీ అయ్యేదాకా విప్పకు. దానికి బొమ్మ ఎవరూ గీసివ్వలేదు.

నాన్న.


నాగాయలంక,
10 ఏప్రిల్ 1960.

నాన్నా,

నిన్న ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ముందు లెక్కలు అడిగారు, తర్వాత పద్యాలు అడిగారు, నీళ్ళు తాగారు. ఇక వెళ్ళిపోతారనుకున్నాను. “ఏదీ, ఆ మునిని పిలువు” అన్నారు.

తిప్పాను. నీ కుండ నీళ్ళతో సహా బండలా నిలబడింది. అందులో పురుగు వేలాడింది, మెలిక తిరిగింది, దిగింది, మళ్ళీ పైకి వచ్చి తోక పెట్టుకుంది. ఆయన ఒక చీలికలోంచి చూసి, కళ్ళజోడు తుడుచుకుని ఇంకో చీలికలోంచి చూశారు. పిల్లలు తోసుకున్నారు. అచ్చమ్మ చాలాసేపు చూసి, “టీచరుగారండీ, చేపపిల్ల తోక బయట పెట్టి గాలి పీల్చదండీ. ఇది చేప కాదు” అంది. నేను మూడు నెలలు చెప్తే నమ్మని పిల్ల! అప్పుడు ఇంకెవరినీ అడక్కుండా ఇంటికి పరిగెత్తి తొట్టి తన్నేసి వచ్చింది. వాళ్ళమ్మ కర్ర పట్టుకుని వెనకే బడికి వచ్చింది. ఆవిడకి కూడా చూపించాను. కర్ర బడిలోనే మర్చిపోయి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టరుగారు పుస్తకంలో ఒకే ఒక్క ముక్క రాశారు: “ఉంచవచ్చును.” గుమ్మం దగ్గర ఆగి, ఇంకో ఏడు బళ్ళకి పట్టీలు కావాలన్నారు. చంద్రుడిది ఎప్పటికి అవుతుందని అడిగారు. నీ ఉలికి ఇక తీరిక ఉండదు నాన్నా.

సాయంత్రం పిల్లలు వెళ్ళాక నీ మూట విప్పాను. ఒక గోడ అచ్చు, పన్నెండు చిన్న అచ్చులు. కర్రలో చూస్తే తెలియలేదు. అద్ది, డబ్బాలో పెట్టి తిప్పాను.

ఒక చిన్నపిల్ల పలక చంకన పెట్టుకుని మన గోడ పక్క నుంచి నడిచి వెళ్తోంది. రెండు జడలు. ఒక జడ పొట్టి, అమ్మ అల్లితే ఎప్పుడూ అలాగే వచ్చేది. గోడ కదలటం లేదు. పిల్ల నడుస్తోంది. ఏడో అడుగులో తల తిప్పి వెనక్కి చూస్తుంది. చూసి, వెళ్ళిపోతుంది. మళ్ళీ గుమ్మం దగ్గర మొదలవుతుంది.

ఏడో అడుగులో నేను వెనక్కి చూసేదాన్నని నాకు గుర్తుంది. నువ్వు తల ఎత్తావేమోనని చూసేదాన్ని. నువ్వు ఎప్పుడూ ఉలి మీదికి వంగే ఉండేవాడివి. మరి ఇది నీకు ఎలా తెలిసింది నాన్నా?

మల్లి.


పెడన,
18 ఏప్రిల్ 1960.

మల్లికి,

చంద్రుడి బొమ్మలు పంపు. మధ్య మధ్య రోజులు వదిలెయ్యకు.

నేను తల ఎత్తితే నువ్వు ఆగిపోతావని భయం. చిన్నపిల్లవి, నన్ను చూస్తే వెనక్కి పరిగెత్తుకొస్తావు. వస్తే నేను మళ్ళీ పంపగలనా? అందుకని ఎత్తలేదు.

ఉలి నూరుకోవటానికి పక్కన నీళ్ళగిన్నె ఉండేది గుర్తుందా? వీధి నీడ అందులో పడేది. నువ్వు మలుపు తిరిగేదాకా అందులోనే చూసేవాడిని. నీళ్ళలో నువ్వు తిరగేసి కనపడేదానివి. అచ్చు కూడా తిరగేసే చెక్కాలి కదా. అందుకని ఈ పన్నెండింటికీ పెద్ద కష్టపడలేదు.

నాన్న.